జూన్‌లో వచ్చే డాక్టరు

సాల్ట్ ఫోర్క్, మిజోరీ
నవంబరు 12

డార్సీ తల్లికి,

నీ మామ ఎల్డన్ దీవెనలు. ఫోన్ చెయ్యొచ్చుగా అంటావు. యాభై ఏళ్ళు లౌడ్‌స్పీకరు పక్కన నిలబడి పొలాల వేలం, పశువుల వేలం వేసినవాడి చెవులమ్మా ఇవి. ఫోన్లో నువ్వేం మాట్లాడినా సీసాలో పడ్డ తేనెటీగలా వినిపిస్తుంది. ఉత్తరమైతే మళ్ళీ మళ్ళీ చదువుకోవచ్చు, నచ్చని ముక్క వదిలేయనూ వచ్చు.

కబురేమిటంటే, ఫెన్నర్ డాక్టరు క్లినిక్ మూసేస్తున్నాడు. ఏడాది చివర్లో అరిజోనాలో కూతురి దగ్గరికి వెళ్ళిపోతాడట. నిన్ను పుట్టగానే కాళ్ళు పట్టి తలకిందులుగా ఎత్తిన మనిషి. అతనూ నీలాగే ఆస్టియోపతి బడిలో చదివినవాడే. మొన్న దాణా కొట్టు వెర్న్, "ఏం ఎల్డన్, మీ ఎముకలు సర్దే పిల్ల ఎలా ఉంది?" అన్నాడు. "ఒరే, అది నిండు డాక్టరు. మందు రాస్తుంది, కోస్తుంది, కుడుతుంది. చేతులతో ఒళ్ళు చదవడం దానికి అదనం. నీకు అక్షరాలు చదవడమే రాదు," అన్నాను. నోరు మూసుకున్నాడు. మర్నాడు దాణా బస్తా బరువు కాస్త తక్కువ తూగింది.

నాకూ వైద్యం కొంచెం తెలుసులే. వేలంలో ఎవరూ పాడని పుస్తకాల పెట్టెలే కదా నా కాలేజీ. అలా దొరికిన గుర్రాల రోగాల గ్రంథం మొత్తం చదివాక మనుషుల రోగాలు కూడా చాలామటుకు అర్థమయ్యాయి. మనుషులకు మాటలొచ్చు, వచ్చిన తంటా అదొక్కటే.

థాంక్స్‌గివింగ్ పండక్కి తప్పకుండా రా. మీ అమ్మ లారీ వేసుకుని దేశం మీద తిరుగుతుంటే మా వంటింట్లో పెరిగిన పిల్లవు. నువ్వు రాకపోతే మీ నోలా అత్తయ్య టర్కీని కోయనివ్వదు. "దాన్ని రమ్మను, దాని చేతులు కూడా తెమ్మను," అంటోంది. ఇప్పటికే అయిదారుగురు నడుములు పట్టుకుని వరసలో ఉన్నారు.

ఎదురుచూసే
మామయ్య


కాన్సాస్ సిటీ
డిసెంబరు 1

మామయ్యా,

నా బొటనవేళ్ళు ఇంకా సలుపుతూనే ఉన్నాయి. ఊళ్ళో ఒక పిల్ల ఆస్టియోపతి చదివితే పండగ పూట భోజనాల బల్ల ఆసుపత్రి మంచం అయిపోతుందని మా కాలేజీలో ఎవరూ చెప్పలేదు. టర్కీ ఎముకలు తీయకుండానే మన పక్కింటి వెండెల్ బల్లెక్కి బోర్లా పడుకోవడం, "ఆ పక్క కాదమ్మాయ్, ఈ పక్క" అంటూ మూలగడం! గంట ముందే చావు తప్పించుకున్న మనిషి! నవ్వుతూ మాంసం ముక్క మింగబోయి, గొంతులో ఇరుక్కుని నీలంగా మారిపోయాడు. నేను వెనకనుంచి పట్టుకుని పొట్టను బలంగా పైకి నొక్కకపోతే ఆ బల్ల మీద పడుకునేది వేరే రకంగా.

ఒక్క మాట. అత్తయ్య వీపు మీద చెయ్యి పెట్టినప్పుడు ఎడమ రెక్క కింద కర్రలా తగిలింది. ఎంత నెమ్మదిగా పట్టినా సడలలేదు. "నొప్పా?" అంటే, "లేదే, ఆపిల్ పైలకు పిండి వత్తీ వత్తీ బిగుసుకుంది" అంది. నాకు నచ్చలేదు. ఫెన్నర్ డాక్టరు వెళ్ళేలోగా ఆవిడను తీసుకెళ్ళి చూపించు. నాకు మాటిచ్చింది.

నా సంగతి. మార్చి మొదట్లో మేమంతా మాకు కావలసిన ట్రైనింగు ఆసుపత్రుల పేర్లు ఇష్టమైన వరసలో పంపాలి. ఆసుపత్రులూ మమ్మల్ని అలాగే వరసపెడతాయి. కంప్యూటరు జత కలుపుతుంది. ఆ తర్వాత కాదనడానికి లేదు. ఫ్యామిలీ డాక్టరునవుతానా, ఎమర్జెన్సీ డాక్టరునవుతానా అన్నది ఆ వరసతో తేలిపోతుంది. రెండిటికీ ఇంటర్వ్యూలిస్తూ ఇన్నాళ్ళూ ఊగిసలాడాను. మీ ఇంట్లో ఆ సాయంత్రం నాకు తేలిపోయింది మామయ్యా. నా చేతులు దేనికి పనికొస్తాయో అక్కడే తెలిసింది. వివరంగా మళ్ళీ రాస్తాను, డ్యూటీకి టైమయింది.

నీ డార్సీ


సాల్ట్ ఫోర్క్
డిసెంబరు 18

బంగారు తల్లీ,

నీ ఉత్తరం చదివి కళ్ళజోడు తుడుచుకున్నాను, మళ్ళీ చదివాను. మన బల్ల చుట్టూ, మన నడుముల మధ్య నీకు దారి తేలిందంటే ఈ ముసలాడికి ఇంకేం కావాలి? శనివారం హార్మన్ వాళ్ళ పొలం సామాను వేలం. మూడు కౌంటీల జనం. ట్రాక్టరు వేలం వేస్తూ వేస్తూ మధ్యలో ఆపి, "అయ్యలారా, అమ్మలారా! ఈ ఊరికి డాక్టరు లేడని ఏడవకండి. మా మేనకోడలు జూన్‌లో పట్టా పుచ్చుకుని ఫెన్నర్ క్లినిక్ తెరుస్తోంది!" అన్నాను. చప్పట్లకు గుర్రం ఒకటి కట్టు తెంచుకుంది. ఆ ఊపులో ట్రాక్టరు ధర కూడా పెరిగింది, హార్మన్ నీకు రుణపడి ఉన్నాడు.

క్లినిక్ తలుపు అద్దం మీద వెండెల్ కొడుకు నీ పేరు రాశాడు, బంగారు రంగులో. "డాక్టర్ డార్సీ స్టోవల్". రెండో అక్షరం కాస్త వంకర పోయింది, చూసీ చూడనట్టు పో.

ఇక జనం రోగాలు దాచుకుంటున్నారు, నీకోసం! వెర్న్ మోకాలు జూన్ దాకా ఎవరికీ చూపించడట. పోస్టాఫీసు ఓపల్ చెవిలో మోత కూడా నీకే అట్టే పెట్టింది. మీ అత్తయ్య అయితే ఫెన్నర్ దగ్గరికి వెళ్ళే రోజున ఫోన్ చేసి రానని చెప్పేసింది.

"అదేమిటే, పిల్లకు మాటిచ్చావుగా?" అన్నాను.

"సూట్‌కేసు సర్దుకున్న డాక్టరుకు వీపు చూపించి ఏం లాభం? మనసంతా అరిజోనాలో ఉంటుంది. నా పిల్ల వస్తోంది. దాని మొదటి పేషెంటును నేనే. నా ముందు ఎవరైనా కూర్చుంటే ఆపిల్ పైతో కొడతాను," అంది.

మా ఇద్దరి ముద్దులు.
మామయ్య


కాన్సాస్ సిటీ
జనవరి 5

మామయ్యా!

నీ ఉత్తరం చదివి ఆసుపత్రి మెట్ల మీద కూలబడ్డాను. పక్కన పోయే నర్సు ఎవరైనా పోయారా అని అడిగింది. ఏం చేశావు నువ్వు?

ఆ సాయంత్రం నాకు తేలింది వెండెల్ వల్ల. అతని నడుము వల్ల కాదు, గొంతు వల్ల! అతను నీలంగా మారుతుంటే నా బుర్రలో ఎప్పుడూ ఉండే గోల ఒక్కసారి ఆగిపోయింది. ఏం చెయ్యాలో చేతులకు తెలుసు. అంత ప్రశాంతత నాకెక్కడా దొరకలేదు. నేను ఎమర్జెన్సీకి వెళ్తున్నాను మామయ్యా. గుమ్మంలోంచి ఎవరొచ్చినా వాళ్ళను ఆ గంట గట్టెక్కించడం, అదీ నాకు కావలసిన పని. వెర్న్ మోకాలి కథ ముప్పై ఏళ్ళు వినే ఓపిక నాలో లేదు.

పోనీ ఫ్యామిలీ డాక్టరునే అయినా, జూన్ ఏమిటి? పట్టా వచ్చాక ఇంకా మూడేళ్ళు ట్రైనింగు ఉంటుంది! రాశాను కదా ట్రైనింగు ఆసుపత్రులని!

వేలంలో చెప్పినవాడివి వేలంలోనే కాదని చెప్పు. ఆ అద్దం తుడిపించు. అన్నిటికన్నా ముందు అత్తయ్యను కౌంటీ ఆసుపత్రికి తీసుకెళ్ళు. ఈ వారమే. నేను రానని, ఇప్పట్లో రానని ఆవిడకు అర్థమయ్యేలా చెప్పు.

డార్సీ


సాల్ట్ ఫోర్క్
జనవరి 14

డార్సీకి,

అందింది.

ట్రైనింగు అంటే ఏదో రెండు వారాల తతంగం అనుకున్నాను. నన్ను వేలం బడివాళ్ళు రెండు వారాల్లో తయారు చేసి పంపారు. మనుషుల్ని బాగుచేయడానికి మూడేళ్ళు ఎక్కువ కావాలని తట్టలేదు.

కానీ తల్లీ, ఎమర్జెన్సీయా? నాకు దిమ్మ తిరిగింది. నేనొకసారి వేలు తెగి అలాంటి గదికి వెళ్ళాను. కుట్లేసిన కుర్రాడు నా మొహం చూడలేదు. వేలిని చూశాడు, గడియారాన్ని చూశాడు. రేపు నేను రోడ్డు మీద కనిపిస్తే వేలు చూపించి పరిచయం చేసుకోవాలి. నువ్వు అలాంటి మనిషివి అవుతానంటే ఎలా? ఫెన్నర్ నీ చేతులు చూసి "ఈ పిల్ల వేళ్ళకు వినికిడి ఉంది" అన్నాడు. చెవుల్లేనివాణ్ణి, నాకు ఆ మాట గుర్తుండిపోయింది.

నీ ఉత్తరం మీ అత్తయ్యకు అక్షరం వదలకుండా చదివి వినిపించాను. ఆవిడ స్టవ్ మీద చిల్లీ కూర కలుపుతూ, "కోపంలో రాసింది. చిన్నప్పుడు స్కూలుకు పోనని గొడ్లపాక ఎక్కి కూర్చునేది, గంటకు దిగి వచ్చేది కాదూ? దిగుతుంది," అంది. వీపు సంగతి అడిగితే, "పిండి వత్తడం మానేశా, నొప్పీ మానేసింది. నీ చెవులు చూపించుకో ముందు," అంది. చెయ్యి పట్టుకుని లాక్కెళ్ళడానికి ఆవిడ ఆవు కాదు కదా.

జనానికి ఇంకా చెప్పలేదు. మంచు పడి వేలాలు లేవు. చెప్తాను.

ఎల్డన్ ప్రూయిట్


కాన్సాస్ సిటీ
ఫిబ్రవరి 16

మామయ్యా,

మొన్న ఆసుపత్రి వరండాలో "ఏమైందే, ఏమైందే" అని అడుగుతూనే ఉన్నావు. నేను చెప్పాను. నీకు వినపడలేదు. గట్టిగా అరిచి చెప్పడానికి నాకు నోరు రాలేదు. ఆవులకు మేత వేసేవాళ్ళు లేరని నువ్వు వెళ్ళిపోయావు. అందుకే రాస్తున్నాను.

మధ్యాహ్నం హెలికాప్టరు వస్తోందని కబురొచ్చింది. డెబ్భై దాటిన ఆవిడ, చర్చి బేస్‌మెంటులో సూప్ వడ్డిస్తూ పడిపోయింది, గుండెపోటు. అంతే చెప్పారు. నిజం చెప్తున్నా మామయ్యా, నాకు ఉత్సాహంగా ఉంది. తొడుగులు వేసుకుని, కత్తెర పట్టుకుని తలుపు దగ్గరే నిలబడ్డాను. బట్టలు కోసి ఛాతీ మీద తీగలు అంటించడం నా పని. స్ట్రెచర్ వచ్చింది. మొహం మీద ఆక్సిజన్ మాస్కు, చుట్టూ మనుషులు. నేను మొహం చూడలేదు. కోయడం మొదలుపెట్టాను. ఏప్రన్ సగం కోశాక నా చెయ్యి ఆగిపోయింది. ఆ ఎర్ర గళ్ళు. ఆ జేబుకు నేను వేసిన వంకర కుట్టు. చేతికి ముందు తెలిసింది మామయ్యా, బుర్రకు తర్వాత తెలిసింది.

అత్తయ్య కళ్ళు తెరిచింది. మాస్కు పక్కకు తోసుకుని నవ్వింది. "నువ్వేనా! అయితే జూన్ దాకా ఆగక్కర్లేకపోయింది," అంది.

మా పెద్ద డాక్టరు, "ఎప్పట్నుంచీ నొప్పమ్మా?" అని అడిగింది.

"పండగ ముందు నుంచీ. వీపులో. అప్పుడప్పుడూ దవడ లాగేది."

"ఇన్నాళ్ళూ ఎవరికీ చూపించలేదా?"

"మా డాక్టరు రావాలి కదా," అని నా వైపు చూపించింది.

గదిలో అందరూ నా వైపు చూశారు. సొంత మనిషివి, ఇక్కడ ఉండకూడదని నన్ను బయటికి పంపేశారు. నా చేతిలో కత్తెర అలాగే ఉంది.

మూసుకుపోయిన నాళంలో స్టెంటు వేశారు. బతికింది. కానీ గుండెలో ఒక భాగం ఇక కొట్టుకోదు. మెట్లెక్కితే ఆయాసం వస్తుంది. వేలం రోజున జనానికి వండి వడ్డించడం ఇక కుదరదు. ఆవిడ అది ఇంకా నమ్మడం లేదు. సూప్ గిన్నె ఎవరు దించారని అడుగుతోంది.

డార్సీ


సాల్ట్ ఫోర్క్
ఫిబ్రవరి 22

అమ్మా డార్సీ,

నీ ఉత్తరం చదివాక నేను గొడ్లపాకలోకి వెళ్ళి కూర్చున్నాను. ఆవులు మంచివి, ఏమీ అడగవు.

నేను ఓడిపోయాను తల్లీ. కుట్లేసిన కుర్రాడు నా మొహం చూడలేదని నీకు నీతులు రాశాను. మొహం చూడనివాళ్ళే మీ అత్తయ్యను నాకు తిరిగి ఇచ్చారు. అన్నీ ఎరిగిన మేమంతా ఆవిణ్ణి పొద్దున్నే కాఫీ అడుగుతూ, పైలు అడుగుతూ చంపబోయాం. నువ్వక్కడే ఉండు. ఎమర్జెన్సీయే రాయి. ఈ ఊరు మొహం చూడకు.

అద్దం మీద నీ పేరు నేనే బ్లేడుతో గీకేశాను. ఊరికే రాలేదు, వెండెల్ కొడుకు మంచి రంగు వాడాడు. శనివారం వేలంలో బల్లెక్కి, "నేను చెప్పింది తప్పు. డాక్టరు రాదు, జూన్‌లో కాదు, ఎప్పుడూ కాదు. మీ రోగాలు దాచుకోకండి. నా పెళ్ళాం దాచుకుంది," అన్నాను. యాభై ఏళ్ళలో అంత నిశ్శబ్దం నేను వినలేదు. వినడం అనకూడదేమో నేను.

ఆఖరికి వెర్న్ అన్నాడు: "మరి నా మోకాలు?"

"నీ మోకాలు కౌంటీ ఆసుపత్రికి నడిపించుకుని పో," అన్నాను.

"నడవగలిగితే ఆసుపత్రి ఎందుకు?" అన్నాడు. ఎవరూ నవ్వలేదు. మర్నాడు ఆరుగురు ఒకే వ్యాన్లో వెళ్ళారు. ఓపల్‌కు చెవిలో మోత కాదట, రక్తపోటట. ఆ అంకె చూసి అక్కడి నర్సు కుర్చీ తెచ్చి కూర్చోబెట్టిందట.

మామయ్య


కాన్సాస్ సిటీ
ఫిబ్రవరి 22

మామయ్యా,

ఇది చదివి నన్ను తిట్టకు. నేను వరస మార్చేశాను. ఎమర్జెన్సీ పేర్లన్నీ తీసేశాను. ఫ్యామిలీ ట్రైనింగులే రాశాను. ఇంకా ఖరారు చెయ్యలేదు, గడువు దాకా మార్చుకోవచ్చు. కానీ మనసు ఖరారైంది.

మా పెద్ద డాక్టరు నన్ను పక్కకు పిలిచి, "భయపడి పారిపోతున్నావా?" అని అడిగింది. కాదన్నాను. ఆ గదిలో వాళ్ళు చేసింది నీకూ తెలుసు కదా, నాకు వాళ్ళంటే ఇప్పటికీ దండం పెట్టాలనిపిస్తుంది. కానీ అత్తయ్య ఆ గదికి రావలసిన మనిషి కాదు. నవంబరులో ఆవిడ వీపు నా అరచేతుల కింద ఉంది. నా వేళ్ళకు తెలిసింది. ఆవిడ "లేదే" అంది, నేను వదిలేశాను. ఇంకో ప్రశ్న అడగలేదు, ఎందుకంటే బల్ల చుట్టూ ఇంకా నలుగురు వరసలో ఉన్నారు, ఆపిల్ పై చల్లారిపోతోంది. ఆ ఇంకో ప్రశ్న అడిగే డాక్టరును కావాలి నేను. మూడేళ్ళ తర్వాత సాల్ట్ ఫోర్క్‌కే వస్తాను. అత్తయ్యను నేనే చూసుకుంటాను. అద్దం మీద పేరు ఉండనీ.

నీ డార్సీ


సాల్ట్ ఫోర్క్
మార్చి 1

తల్లీ,

మన ఉత్తరాలు రెండూ దారిలో ఎక్కడో ఒకదాన్నొకటి దాటుకుని వెళ్ళాయి. నేనటు పాడితే నువ్విటు పాడావు. అద్దం గీకినప్పుడు తెగిన వేలికి కట్టు ఇంకా ఉంది.

మీ అత్తయ్యకు నీ ఉత్తరం చదివి, నేను రాసిందీ చెప్పాను. కిటికీ పక్కన కుర్చీలో కూర్చుని విని, నవ్వడం మొదలుపెట్టింది. నవ్వితే ఆయాసం, ఆయాసంతోనే నవ్వు. నీళ్ళిస్తే తోసేసింది.

"ఏవయ్యా, నా గుండెను బల్ల మీద పెట్టి మీరిద్దరూ వేలం పాడుకుంటున్నారా? అది ఎమర్జెన్సీ అంటే నువ్వు ఫ్యామిలీ, నువ్వు ఎమర్జెన్సీ అంటే అది ఫ్యామిలీ! సరుకును అడగరేం?"

"సరే, సరుకేమంటుంది?" అన్నాను.

తర్వాత ఆవిడ చెప్పింది విని నేను కుర్చీ వెతుక్కున్నాను. ఆవిడ చెప్పింది చెప్పినట్టు రాస్తున్నా:

"ఆ రోజు పిల్ల నొప్పా అని అడిగితే లేదన్నాను. చచ్చేంత నొప్పి. అయినా లేదన్నాను. అది ఇంకో పది ప్రశ్నలు అడిగినా లేదనే అనేదాన్ని. నేను పాలుపట్టి పెంచిన పిల్ల, ఏడాదికోసారి పండక్కి వస్తుంది. దాని మొహం మాడిపోయేలా నొప్పని చెప్తానా? రేపు జూన్‌లో వచ్చి కూర్చున్నా చెప్పేదాన్ని కాదు. మొదటి పేషెంటునంటూ వెళ్ళి, దాని కోటు బాగుందని చెప్పి వచ్చేసేదాన్ని. అయినవాళ్ళకు కూర వండి పెడతాం, బాధ పెట్టం. అదే ముక్కూ మొహం తెలియని మనిషయితే, స్ట్రెచర్ మీద ఆ పెద్ద డాక్టరమ్మ అడగ్గానే పండగ ముందు నుంచీ అని గడగడా చెప్పలేదూ? దవడ సంగతి నీకైనా చెప్పానా ముసలాడా?"

చెప్పలేదు. పక్కనే పడుకుంటాను కదా తల్లీ, నాకు చెప్పలేదు.

"పిల్ల ఫ్యామిలీ డాక్టరే కావాలి. దాని వేళ్ళు తప్పు చెప్పలేదు. కానీ నా ఊళ్ళో కాదు. దాన్ని ఎత్తుకుని తిప్పిన ఊరు దానికి నిజం చెప్పదు. వేరే ఊరికి పొమ్మను. అక్కడి ఆడవాళ్ళు దానికి చెప్పుకుంటారు. ఆ ఊరివాళ్ళ మేనకోడలు ఎవరో మన ఊరికి వస్తుంది, మనం దానికి చెప్పుకుందాం."

ఇంకో సంగతి. కౌంటీ ఆసుపత్రిలో కొత్త డాక్టరు దగ్గర ఆవిడే వెళ్ళి పేరు రాయించుకుంది. సన్నగా, చేతికర్రలా ఉంటాడు, మొహం మీద నవ్వు లేదు, ఎక్కడో ఓరెగాన్ నుంచి వచ్చాడు. గంటసేపు లోపలుంది. బయటకొచ్చి, "మంచివాడు, నేనెవరో బొత్తిగా తెలియదు," అంది.

నేనేం చెప్పను? నీ ఇష్టం అంటే నీమీద వదిలేసినట్టుంటుంది, ఇలా చెయ్యి అంటే మళ్ళీ వేలమే. మీ అత్తయ్య మాట రాశాను. అంతే.

మామయ్య


కాన్సాస్ సిటీ
మార్చి 20

మామయ్యా, అత్తయ్యా,

ఇద్దరికీ కలిపి రాస్తున్నాను. మామయ్యా, గట్టిగా చదువు.

అత్తయ్య మాటలు రెండు రోజులు మళ్ళీ మళ్ళీ చదివాను. పెంచిన మనిషి నాకు నొప్పి చెప్పదన్న మాట మింగుడు పడటానికి అంతసేపు పట్టింది. గడువు ముందు రోజు కూర్చుని సాల్ట్ ఫోర్క్‌కు దగ్గరున్న ట్రైనింగులన్నీ వరసలో కిందికి దించాను. పైన రాసింది నెబ్రాస్కా పడమటి అంచున ఒక ఊరు. గోధుమ చేలు, గాలి, ఒక చిన్న ఆసుపత్రి. అక్కడ ఫ్యామిలీ డాక్టర్లే ఎమర్జెన్సీ గది కూడా చూసుకుంటారు, వేరే ఎవరూ లేరు కాబట్టి. ఇన్నాళ్ళూ ఏది, ఏది అని నన్ను నేను కొరుక్కుతిన్నాను. ఒకే తలుపు వెనక రెండూ చేస్తున్న మనుషులున్నారని ఇంటర్వ్యూలో చూసి కూడా నాకు పట్టలేదు.

ఇవాళ మధ్యాహ్నం మా క్లాసంతా హాల్లో చేరి, ఎవరికి ఏ ఆసుపత్రి జత కలిసిందో రాసిన కవర్లు చించుకున్నాం. చుట్టూ కేకలు, ఏడుపులు. నాది విప్పితే ఆ ఊరే. గోడకు ఆనుకుని అమ్మకు ఫోన్ కలిపాను. అమ్మ వ్యోమింగ్‌లో ఎక్కడో లారీ ఆపుకుని ఫోన్లో, "ఏదే? ఏదే చెప్పవే!" అని అరుస్తోంది.

సాయంత్రం ఆ ఆసుపత్రి పెద్దావిడ ఫోన్ చేసింది. పేరు హిల్డ్రెత్, గొంతు ముతకగా ఉంది. అభినందనలు చెప్పి, ఇల్లెక్కడ చూడమంటావని అడిగి, జాలిగా అంది: "ఇంత దూరం వస్తున్నావు. మా ఊళ్ళో నీకెవరైనా ఎరిగినవాళ్ళున్నారా అమ్మా?"

"ఎవరూ లేరండీ," అన్నాను. "అందుకే వస్తున్నాను."

మీ
డార్సీ